మైక్రో టీసేలో శుక్రకణాలు దొరుకుతాయో లేదో ముందే తెలిసే టెస్టు ఉందా?

నిరీక్షణ: రాత్రంతా నెట్‌లో చదువుతూనే ఉన్నా, ఒక్కోచోట ఒక్కో మాట. నాకు అజూస్పెర్మియా, అంటే వీర్యంలో శుక్రకణాలే లేవు. ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ 24, బాగా ఎక్కువ. టెస్టోస్టెరాన్ కొంచెం తక్కువ. వై క్రోమోజోమ్ టెస్టులో డిలీషన్ (ఒక ముక్క లేకపోవడం) ఉందని వచ్చింది. మైక్రో టీసే (వృషణాన్ని తెరిచి మైక్రోస్కోప్‌తో శుక్రకణాలు వెతికే ఆపరేషన్) చేయించుకోమంటున్నారు. ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంత ఉంటే దొరకవని కొందరు, దొరుకుతాయని కొందరు. ఏ టెస్టు చేయిస్తే కచ్చితంగా తెలుస్తుంది? టెన్షన్‌తో తల పగిలిపోతోంది.

సూక్ష్మదర్శిని: ముందు వీర్యపరీక్ష ఎలా చేశారో చెప్పండి. స్లైడ్ మీద ఒక చుక్క చూసి ‘నిల్’ అని రాసేస్తే నేను ఒప్పుకోను. శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున పేరుకున్నదంతా ఓపిగ్గా వెతకాలి. కనీసం రెండుసార్లు, వేర్వేరు రోజుల్లో. కాసిని కణాలు కనబడినా ఇక్సీకి (ఒక్కో కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతికి) పనికి రావచ్చు, అప్పుడు ఆపరేషనే అక్కర్లేదు. వాల్యూమ్ ఎంత? బాగా తక్కువగా ఉండి, ఫ్రక్టోజ్ (వీర్యంలో ఉండే చక్కెర) కూడా లేకపోతే దారిలో అడ్డంకి ఉందేమో చూడాలి.

కేకే: ఏ డిలీషన్? శుక్రకణాల ఉత్పత్తికి కావాల్సిన ఏజెడ్‌ఎఫ్ భాగాల్లో ఎ, బి, సి ఏది?

నిరీక్షణ: వాల్యూమ్ నార్మలే అండీ. డిలీషన్ అంటే అన్నీ ఒకటే కాదా?

కేకే: కాదు. రిపోర్టు చూడండి.

వెన్నెలబాట: ఎఫ్‌ఎస్‌హెచ్ పట్టుకుని వేలాడకండి. అది పిట్యూటరీ నుంచి వచ్చేది. ఇన్‌హిబిన్ బి అనే హార్మోన్ టెస్టు చేయించండి, అది వృషణంలోని సెర్టోలి కణాల నుంచే వస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోరు.

సూక్ష్మదర్శిని: వెన్నెలబాట గారూ, అది కూడా వృషణం మొత్తం ఎలా పనిచేస్తోందో చెబుతుంది, అంతే. ఏదో ఒక మూల కొన్ని నాళికల్లో మాత్రమే కణాలు తయారవుతుంటే రక్తానికి ఏం తెలుస్తుంది? మైక్రోస్కోప్‌లో చూస్తూ లావుగా, తెల్లగా ఉన్న నాళికలను ఏరే పద్ధతిని ష్లెగెల్ 1999లో ప్రచురించింది అందుకే. మాచ్యురేషన్ అరెస్ట్‌లో (కణాల తయారీ మధ్యలోనే ఆగిపోయినప్పుడు) ఎఫ్‌ఎస్‌హెచ్ నార్మల్‌గా, వృషణాల సైజు కూడా బాగానే ఉండి, తీరా చూస్తే ఒక్క కణమూ దొరకకపోవచ్చు.

దారిదీపం: ఇంత గొడవెందుకు, టీసా చేస్తే సరి. రెండూ ఒకటేగా.

సూక్ష్మదర్శిని: ఒకటి కాదండీ. టీసా అంటే సూదితో లాగడం. అడ్డంకి కేసుల్లో బాగా పనిచేస్తుంది. ఉత్పత్తే దెబ్బతిన్న కేసుల్లో సూది గుచ్చిన చోట కణాలు ఉండాలి కదా.

దారిదీపం: మా బంధువుకి టీసాతోనే దొరికాయి.

వెన్నెలబాట: ఆయనది అడ్డంకి కేసేమో!

నిరీక్షణ: రిపోర్టు చూశా. ఏజెడ్‌ఎఫ్-సి అని ఉంది.

కేకే: అది మొదటే చెప్పాలి. ఎ గానీ బి గానీ పూర్తిగా పోతే ఆపరేషన్ దండగ, కణాలు దొరకవు. సి ఒక్కటే అయితే దాదాపు సగం మందిలో దొరుకుతాయి. కొడుకు పుడితే అదే డిలీషన్ వాడికీ వస్తుంది, జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. కారియోటైప్ (మొత్తం క్రోమోజోమ్‌ల పరీక్ష) చేశారా?

నిరీక్షణ: లేదనుకుంటా.

కేకే: చేయించండి. టెస్టోస్టెరాన్ తక్కువుందని ఇంజెక్షన్లు మాత్రం వేయించుకోవద్దు. ఉన్న కాస్త ఉత్పత్తీ ఆగిపోతుంది.

వెన్నెలబాట: ఇన్‌హిబిన్ బి కూడా చూడండి మరి.

నిరీక్షణ: సరే, కారియోటైప్ అడుగుతా. థాంక్స్ అండీ.

దారిదీపం: ఇంతకీ ఇక్సీ, ఐవీఎఫ్ ఒకటేనా?