ధర్నాకి మేము, కమిటీకి వాళ్ళు: మీ ఊళ్ళో ఎలా సర్దుకున్నారు?

మిరపకల్లం:
మా ఊరి కొండకి క్వారీ లీజు అడుగుతున్నారు. పక్కూళ్ళో క్రషర్ పెట్టాక ఏమైందో కళ్ళారా చూశాం. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద తెల్లటి దుమ్ము, ఒక్కో కాయా గుడ్డతో తుడుచుకోవాల్సొచ్చింది. అందుకే మూడు నెలలుగా టెంటు వేసుకుని కూర్చున్నాం. కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళమే. మగవాళ్ళు పొద్దున్నే వచ్చి ఫోటో దిగి పనుల మీద పోతారు. పోరాట కమిటీలో మాత్రం పదకొండు మందిలో ఒక్క ఆడ పేరూ లేదు. అడిగితే "ఆఫీసుల చుట్టూ తిరగడం నీకెందుకమ్మా, మేం లేమా? మీరు టీల సంగతి చూడండి" అన్నారు. అన్నది మా బావగారే. ప్రజాభిప్రాయ సేకరణకి తేదీ కూడా వచ్చేసింది. ఇలాంటివాటిలో ఉన్నవాళ్ళు మీ దగ్గర ఏం జరిగిందో చెప్పండి. ఉపన్యాసాలు మాత్రం వద్దు.

పెన్నగట్టు:
మాది నెల్లూరు జిల్లా. సారా ఉద్యమం పుట్టిన దూబగుంట మా అమ్మమ్మోళ్ళ ఊరికి దగ్గరే. 1992లో సారా మీద ఆడవాళ్ళు లేచినప్పుడు మా అమ్మకి ఇరవై రెండేళ్ళు, చంకలో నేను. అందరూ చీపుర్లు, కారప్పొడి గురించే చెప్తారు. అమ్మ మాత్రం రాత్రి బడి గురించి చెప్తది. అక్షరాస్యత ఉద్యమంలో పెట్టిన బడి అది. పలక పట్టుకోని పోతే ఎవురూ ఆపేవాళ్ళు కాదంట. "మీటింగుకి పోతున్నా" అంటే నాయన ఊరుకుంటాడా? "చదువుకి పోతున్నా" అంటే ఊరుకున్నాడు. ఆ లాంతరు కిందే అంతా మాట్లాడుకున్నారు. తర్వాత సారా వేలంపాటలే జరగనీలేదు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న మొత్తం మద్య నిషేధం వచ్చినాయి. 1997లో బ్రాందీ షాపులు మళ్ళీ తెరిచినారు, అది వేరే ఏడుపు.

నేను చెప్పేదేందంటే, కమిటీలో చోటు ఇమ్మని అడుక్కునేదానికి ముందు మీకంటూ కూర్చునే జాగా ఒకటి చూసుకోండి. పొదుపు సంఘం మీటింగన్నా సరే.

పచ్చజొన్న:
మాది జహీరాబాద్ దిక్కు. మా పెద్దమ్మ డీడీఎస్ (దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) పెట్టిన ఆడోళ్ళ సంఘంల ఉండె. పస్తాపూర్ల సదువురాని ఆడోళ్ళకు వీడియో కెమెరా నేర్పిండ్రు, అండ్ల దళిత ఆడోళ్ళే ఎక్కువ. షాట్లకు ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక వాళ్ళే పేర్లు పెట్టుకున్నరు. మీది నుంచి కిందికి సూస్తున్నట్టు తీస్తే అది పటేల్ షాట్. పటేల్ మనల్ని గట్లనే సూస్తడు గద! కండ్లకు కండ్లు సమానంగ పెట్టి తీస్తే సంఘం షాట్. మీ టెంటు ఫోటోలు ఒకసారి తీసి సూడుండ్రి, అన్నీ పటేల్ షాట్లే ఉంటయి. మగోళ్ళు నిలబడి, మీరు కింద కూసోని.

2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్ల సంఘం రేడియో మొదలైంది. గ్రామీణ మహిళల దినం అది. మాట్లాడేది, రికార్డు చేసేది, నడిపేది అంత ఆడోళ్ళే. 2019ల ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితోళ్ళు ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. గాని మా పెద్దమ్మ మాట ఇంట్ల చెల్లింది రేడియోతోని కాదు, విత్తనంతోని. కొర్రలు, సామలు, అనుములు వేపాకు, బూడిద కలిపి బుట్టల వోసి, మీద పేడ అలికి దాసేది. వాన పడ్డంక ఊరు ఊరంత ఆమె గడపకాడికే వచ్చేది. ఆడ పటేల్ సుత నిలబడాలె.

బీలగట్టు:
నేను మగవాణ్ణే, తిట్టకండి. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర మాది. థర్మల్ ప్లాంటు వద్దని బీల (చిత్తడి) భూముల కోసం కొట్లాడాం కదా, 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. పర్యావరణ అనుమతి కొట్టేసిన తీర్పు కూడా సరిగ్గా ఆ రోజే వచ్చింది. ఆడవాళ్ళు ముందు వరసలో ఉన్నారు, దెబ్బలూ తిన్నారు. "కేసులు పడతాయి, అందుకే ఆడోళ్ళని కమిటీలో పెట్టలేదు" అని అప్పట్లో నేనూ అన్నాను. కమిటీలో లేకపోయినా కేసులు వాళ్ళ మీదా పడ్డాయి. బెయిలుకి జామీను ఉండాలంటే పాస్‌బుక్ తెమ్మన్నారు. భూమి మొగుడి పేరునో మావ పేరునో ఉంటాది. మా పిన్ని నాలుగు వాయిదాలు తిరిగింది, ఒక్కో వాయిదాకీ ఒక రోజు కూలి పోయింది. జామీనుదారుల జాబితా ఇప్పుడే రాసిపెట్టుకోండమ్మా, ఎవరి పేరున ఎంత భూమి ఉందో సహా.

సూటిగా:
ఇందులో ఆడా మగా గొడవ దేనికండీ? ముందు క్వారీ ఆగనివ్వండి. పదవుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పెన్నగట్టు:
ఆ "తర్వాత" ఎప్పుడొస్తదో కూడా చెప్పండి సార్.

గోడమీద_రాత:
సూటిగా గారూ, హిమాలయాల్లో చెట్లు కొట్టకుండా అడ్డుకున్న చిప్కో ఉద్యమం గుర్తుందా? 1974 మార్చి 26న రేణి గ్రామంలో నష్టపరిహారం ఇస్తామని మగవాళ్ళందర్నీ చమోలీకి రప్పించి, అదే రోజు చెట్లు కొట్టడానికి మనుషుల్ని పంపారు. ఊళ్ళో మిగిలింది గౌరాదేవి, ఇంకో ఇరవై మందికి పైగా ఆడవాళ్ళు, పిల్లలు. రాత్రంతా చెట్ల దగ్గర కాపలా కాశారు, కూలీలు వెనక్కి పోయారు. ఆ రోజు "ముందు మగవాళ్ళు రానీ" అనుకుని ఉంటే అడవి మిగిలేది కాదు. ఇప్పుడు చిప్కో అనగానే ఎవరి పేర్లు నోటికొస్తాయో మీరే చూసుకోండి. సుందర్‌లాల్ బహుగుణ, చండీప్రసాద్ భట్ గొప్పవాళ్ళు కాదని కాదు. గౌరాదేవి పేరు మూడోదిగా వస్తుంది, అదీ గుర్తొస్తే.

మిరపకల్లం గారికి పనికొచ్చే ముక్క: ప్రజాభిప్రాయ సేకరణకి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని పర్యావరణ అనుమతుల గురించిన 2006 కేంద్ర నోటిఫికేషన్‌లో ఉంది. మొత్తం వీడియో తీయాలి. ఎవరేమన్నారో చివర్లో తెలుగులో చదివి వినిపించాలి. అది అయ్యేదాకా లేవకండి. మాట్లాడటానికి కమిటీలో ఉండక్కర్లేదు, ఎవరి అభ్యంతరం వాళ్ళే రాసి కూడా ఇవ్వొచ్చు. మీ ఆడవాళ్ళు అరవై మంది ఉంటే అరవై కాగితాలు, ఒకటే జిరాక్స్ మీద అరవై సంతకాలు కాదు. మిరపకాయలు తుడుచుకున్న సంగతి మీ మాటల్లోనే రాయండి.

అడవి ఊళ్ళవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, అటవీ హక్కుల కమిటీలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండి తీరాలి, పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా రావాలి. అది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చట్టం.

పచ్చజొన్న:
ఇంకో మాట. మీటింగు ఏ టైముకు పెడుతున్నరు? పొద్దుమీకి ఏడింటికా? పాలు పిండాలె, వంట జేయాలె. గందుకే "ఆడోళ్ళు మీటింగులకు రారు" అంటరు.

మిరపకల్లం:
పది రోజుల తర్వాత రాస్తున్నా. పచ్చజొన్న గారూ, అక్షరాలా ఏడింటికే! మధ్యాహ్నం రెండింటికి మార్పించాం. మొదటి రోజే నలభై ముగ్గురం వెళ్తే కుర్చీలు చాల్లేదు, మగవాళ్ళు గోడకి ఆనుకుని నిలబడ్డారు. కాగితాలు యాభై ఒకటి అయ్యాయి. రాయడం రానివాళ్ళవి మా అమ్మాయి రాసింది, ఇంటర్ చదువుతోంది. కమిటీలోకి ఇద్దర్ని తీసుకున్నారు. కన్వీనర్ అడిగితే ఇవ్వలేదు, నాకు కోశాధికారి ఇచ్చారు. పుస్తకం తెరిచి చూస్తే చందా రసీదులకీ డబ్బుకీ 4,350 తేడా ఉంది. బావగారు రెండు రోజుల నుంచి మా ఇంటివైపు రావడం లేదు. టెంటు అద్దె, మైకు ఖర్చు ఎవరైనా లెక్క రాసి ఉంటే ఏ పద్ధతిలో రాశారో చెప్పండి, రేపు రెండింటికి మీటింగులో చదవాలి.