మెలికల గాడి ఉన్న రివాల్వర్ ఏది? ఐదున్నర గంటలుగా తల పగిలిపోతోంది

పిక్సెల్ పురుగు:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నా, ఇప్పుడు పదకొండున్నర, ఇంకా అక్కడే ఉన్నా. సినిమాలో హీరో చేతిలో ఉండే రివాల్వర్‌ని త్రీడీలో చేస్తున్నా. ఆకారం అంతా వచ్చేసింది కానీ తిరిగే మ్యాగజైన్ చుట్టూ మెలికలు మెలికలుగా గాడి ఉంది, పాము పాకినట్టు. మామూలు రివాల్వర్‌లా తిప్పితే ఆ గాడికి పనే లేదు, అలాగని అందం కోసం చెక్కిందీ కాదు, అంత లోతుగా ఎవరు చెక్కుతారు? ఏం తుపాకీ ఇది, ఎలా తిరుగుతుంది? పొద్దున్నే ఇచ్చెయ్యాలి, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

డబ్బా రీలు:
ఏ సినిమా?

తూటా మాస్టారు:
తమ్ముడూ, ముందు మాట సరిచేసుకో. రివాల్వర్‌లో తిరిగేది మ్యాగజైన్ కాదు, సిలిండర్. అందులో ఒక్కో గది ఒక్కో చాంబర్, తూటా పేలేది అక్కడే. మ్యాగజైన్ అంటే తూటాలు నిలవుండే పెట్టె, అందులో ఏదీ పేలదు, అక్కడ్నుంచి చాంబర్‌లోకి వెళ్ళాలి. అలాగే బుల్లెట్ అంటే ఎగిరిపోయే ముందు ముక్క ఒక్కటే. వెనకాల ఇత్తడి గొట్టం, లోపల మందు, అడుగున దెబ్బ తగిలితే మందుని అంటించే ప్రైమర్, అన్నీ కలిస్తేనే కార్ట్రిడ్జ్. గ్రాఫిక్స్ వాళ్ళు కొన్నిచోట్ల ఇత్తడి గొట్టంతో సహా మొత్తం గాల్లో ఎగిరినట్టు వేసేస్తారు, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. నువ్వు మాత్రం ఆ తప్పు చెయ్యకు.

పిక్సెల్ పురుగు:
సరే మాస్టారూ, సిలిండరే. గాడి సంగతి చెప్పండి.

నియాన్ రాత్రి:
సైన్స్ ఫిక్షన్ సినిమాయేనా? అయితే మటేబా కంపెనీ రివాల్వర్, డౌటే లేదు. ‘గోస్ట్ ఇన్ ద షెల్’ యానిమేలో తొగుసా వాడేది మటేబానే, అందరూ పిస్టళ్ళు పట్టుకుంటే అతనొక్కడే రివాల్వర్ వదలడు, నాకు ఆ పాత్ర నచ్చిందే అందుకు. మటేబా 6 యూనికా ఆటోమేటిక్ రివాల్వర్, కాల్చగానే బ్యారెల్ (బుల్లెట్ బయటికొచ్చే గొట్టం), సిలిండర్ రెండూ కలిసి వెనక్కి జరుగుతాయి. బ్యారెల్ సిలిండర్ అడుగు గదికి ఎదురుగా ఉంటుంది కాబట్టి మూతి పైకి లేవడం తక్కువ.

పిక్సెల్ పురుగు:
సైన్స్ ఫిక్షనే బ్రో, కానీ దీని బ్యారెల్ పైనే ఉంది.

డబ్బా రీలు:
సినిమా పేరు చెప్పు.

పిక్సెల్ పురుగు:
పేరు తెలీదు, నాకు చిన్న క్లిప్పు మాత్రమే పంపారు. గాల్లో తేలే పెద్ద రాతి తల ఉంటుంది కదా, దాని నోట్లోంచి తుపాకులు కుప్పలుగా పడతాయి. హీరో ఎర్ర గోచీలో ఉంటాడు. చెప్పాననుకున్నా.

డబ్బా రీలు:
‘జార్డోజ్’. 1974. షాన్ కానరీ. తుపాకీ వెబ్లీ ఫాస్బరీ. మటేబా యూనికా వచ్చింది 1997లో.

ఇనప పెట్టె:
ఎర్ర గోచీ ముక్క మొదట్లోనే చెప్పుంటే పది నిమిషాల్లో తేలిపోయేది తమ్ముడూ. సరే, అసలు సంగతి విను. వెబ్లీ ఫాస్బరీలో ఫ్రేమ్ రెండు ముక్కలు. పిడి, ట్రిగ్గర్ ఉన్న కింద ముక్క చేతిలో కదలకుండా ఉంటుంది, బ్యారెల్, సిలిండర్, హ్యామర్ (తూటాని పేల్చడానికి కొట్టే సుత్తి) ఉన్న పై ముక్క దాని మీద జారుతుంది. పేలగానే రీకాయిల్‌కి, అంటే వెనక్కి తన్నే బలానికి, పై ముక్క వెనక్కి పోతుంది, పోతూ పోతూ హ్యామర్‌ని ఎక్కిస్తుంది, తర్వాత స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తుంది. కింద ముక్కలో చిన్న మేకులాంటిది సిలిండర్ గాడిలో కూర్చుని ఉంటుంది. మేకు కదలదు, గాడే దాని మీదుగా జారుతుంది, గాడి మెలిక తిరిగినచోట సిలిండర్ కూడా తిరగాల్సిందే. వెనక్కి పోయేటప్పుడు సగం, ముందుకొచ్చేటప్పుడు సగం. ఆరు గదులు కాబట్టి తూటాకి 60 డిగ్రీలు, అంటే పోతూ 30, వస్తూ 30. నువ్వు 60నీ ఒకేసారి తిప్పుతున్నట్టున్నావు, అందుకే కుదరట్లేదు.

తూటా మాస్టారు:
బాగా చెప్పారు, కానీ ఇందాక నియాన్ అన్న ఆటోమేటిక్ రివాల్వర్ అనే మాటే తప్పు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే పేలుతూనే ఉండేది ఆటోమేటిక్. దీంట్లో ప్రతి తూటాకీ మళ్ళీ నొక్కాలి, కాబట్టి సెమీ ఆటోమేటిక్.

నియాన్ రాత్రి:
మాస్టారూ, వెబ్లీ ఫాస్బరీ పేరే ఆటోమేటిక్ రివాల్వర్. ఆ రోజుల్లో తనంతట తానే తర్వాతి తూటాకి సిద్ధమయ్యేదాన్ని ఆటోమేటిక్ అనే అనేవాళ్ళు. 1900 ప్రాంతంలో పెట్టిన పేరుని ఇప్పుడు మనం మార్చలేం కదా.

తూటా మాస్టారు:
పేరు పేరే, పని పనే. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తికమకపడతారు.

డబ్బా రీలు:
పాత సినిమాల్లోనే తికమక ఉంది. ‘ద మాల్టీస్ ఫాల్కన్’, 1941, డైలాగులో దీన్నే గొట్టం సైజు 45, ఎనిమిది తూటాలది అంటారు. అసలు .455 సైజు దానికి ఆరే. ఎనిమిది .38 దానికి.

ఖాళీ తూటా:
సినిమా షూటింగులో వాడే తుపాకుల గురించి ఎవరూ మాట్లాడట్లేదే. వాటిలో పెట్టే ఖాళీ తూటాలో (బ్లాంక్) బుల్లెట్ ఉండదు కాబట్టి వెనక్కి తన్నే బలం చాలా తక్కువ, రీకాయిల్‌తో నడిచే తుపాకీ దాంతో పూర్తిగా తిరగదు. అందుకే పిస్టళ్ళకైతే బ్యారెల్ లోపల సన్న రంధ్రమున్న అడ్డు పెడతారు, గ్యాసు అక్కడ ఆగి వెనక్కి తోస్తుంది. కాబట్టి క్లిప్పులో పై ముక్క కదలకపోయినా నువ్వు మాత్రం కదిలించు, నిజం తుపాకీ అలాగే పనిచేస్తుంది. నిజం దాన్ని కూడా చెయ్యి వదులుగా పెట్టి కాలిస్తే పై ముక్క పూర్తిగా వెనక్కి పోదు, మణికట్టు బిగించాలి.

నియాన్ రాత్రి:
వింత తుపాకులంటే ‘వాంటెడ్ డెడ్ ఆర్ అలైవ్’ టీవీ సిరీస్‌లో స్టీవ్ మెక్‌క్వీన్‌ది చెప్పాలి. వించెస్టర్ 1892 రైఫిల్‌ని ముందూ వెనకా కోసేసి తొడకి కట్టుకుంటాడు. తుపాకీది .44-40 సైజు, బెల్టు నిండా మాత్రం పెద్దగా కనబడతాయని .45-70 తూటాలు గుచ్చారు. అవి ఆ తుపాకీలో పట్టనే పట్టవు!

తూటా మాస్టారు:
కార్ట్రిడ్జ్‌లు.

ఖాళీ తూటా:
‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’లో జైరోజెట్ కూడా ఉంది, తూటా బదులు చిన్న రాకెట్ వదిలేది. గొట్టంలోంచి బయటికొచ్చేటప్పుడు దాని వేగం తక్కువ, కొంత దూరం పోయాకే జోరందుకుంటుంది. దాన్ని ఎవరైనా మోడల్ చేశారా?

పిక్సెల్ పురుగు:
30, 30 పెట్టా, మేకు గాడిలో చక్కగా నడుస్తోంది. థాంక్స్ అందరికీ, పడుకుంటున్నా.

ఇనప పెట్టె:
ఆగాగు, పిడి ఎడమ పక్కన సేఫ్టీ మీట ఉంటుంది, పెట్టావా? రివాల్వర్‌కి సేఫ్టీ ఏంటని చాలామంది వదిలేస్తారు.

ఖాళీ తూటా:
జైరోజెట్ ఎవరూ చెయ్యలేదా?