అపశ్రుతి, శ్రుతికటువు ఒకటేనా?

"జాతరలో అపశ్రుతి" వంటి పత్రికా శీర్షికను చూపి, ప్రమాదం జరిగితే శ్రుతి ఎక్కడ తప్పిందని మా చర్చలో ఒక సభ్యుడు అడిగారు. అపశ్రుతి అన్నా, కర్ణకఠోరమన్నా, శ్రుతికటువన్నా ఒకటేనని మరొకరు బదులిచ్చారు. వీటిని పర్యాయపదాలుగా తీసుకోవడం నాకు సమ్మతం కాదు. (వినడం అనే అర్థమున్న 'శ్రు' ధాతువు నుంచి వచ్చిన మాట కాబట్టి 'శ్రుతి' అనే రాయాలి. 'అపశృతి' ఎంతగా పాతుకుపోయిందంటే, ఇప్పుడు సరైన రూపాన్ని చూసినవారే అచ్చుతప్పేమోనని అనుమానిస్తున్నారు.)

శ్రుతి తప్పిన గొంతు దానికదిగా ఇంపైనదే కావచ్చు. తంబురాతో కలవకపోవడమే దాని దోషం. మామూలు రోజున జరిగిన రోడ్డు ప్రమాదాన్ని ఏ విలేఖరీ అపశ్రుతి అనడు. పెళ్లో, ఊరేగింపో, బ్రహ్మోత్సవమో నడుస్తున్నప్పుడు జరిగితేనే అంటాడు. అంటే అందరూ ఒక శ్రుతిలో ఉన్న సందర్భమంటూ ముందు ఉండాలి, దానితో పొసగనిది మధ్యలో వచ్చి పడాలి. కనుక ఆ శీర్షికలోని వాడుక సంగీతార్థానికి దూరమేమీ కాదు.

శ్రుతికటువు సంగతి వేరు. ఇక్కడ చెవి తన బాధ చెప్పుకోవడానికి నాలుక నుంచి మాటను అరువు తెచ్చుకుంది. షడ్రసాలలో 'కటు' అంటే కారం, 'తిక్తం' అంటే చేదు. మనం 'కటువుగా మాట్లాడాడు' అన్నప్పుడు మనసులో చేదు మెదులుతుంది గాని, అసలు అర్థం ప్రకారం శ్రుతికటువంటే చెవికి తగిలిన కారం. కావ్యంలో రాకూడని పదదోషాలను లెక్కించిన సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు మొట్టమొదట దీన్నే పేర్కొని, ఒక శ్లోకంలోని 'కార్తార్థ్యం' అన్న పదాన్ని ఉదాహరణగా చూపాడు. ఆ శ్లోకం శృంగారానిది. అనంగ, మంగల, అపాంగ, భంగి, తరంగిత అంటూ బిందుపూర్వక గకారాలతో (సున్న తర్వాత వచ్చే 'గ'లతో) ఊయలలా సాగిపోతున్న నడకలో, రేఫతో (రకారంతో) కూడిన జంటలు రెండు ఒకే పదంలో వచ్చి అడ్డుపడతాయి. కృతార్థత కలగడమనే అర్థంలో తప్పేమీ లేదు, చెవికే దెబ్బ.

అయితే మమ్మటుడికి ముందే ధ్వన్యాలోకం రాసిన ఆనందవర్ధనుడు ఇందులో కీలకమైన మాట చెప్పాడు. శకార షకారాలు, రేఫసంయోగం, ఢకారం తరచుగా వస్తే శృంగారానికి విరోధులని, అవే బీభత్సాదులలో రసాన్ని వెలిగిస్తాయని ఆయన మతం. దీనికి తెలుగులో ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కరలేదు. తన కవిత్వంలోని అక్షరరమ్యతను ఇతరులు ఆదరిస్తారని చెప్పుకున్న నన్నయే, సభాపర్వంలో భీముని ప్రతిజ్ఞ దగ్గర "కురువృద్ధుల్ గురువృద్ధ బాంధవు లనేకుల్" అని ఎత్తుకుని, "తద్విపుల వక్షశ్శైల రక్తౌఘ నిర్ఝరము" దాకా ఒత్తుల మీద ఒత్తులు పేర్చుకుంటూ పోయాడు. 'క్షశ్శై' పలకాలంటే పళ్లు బిగించాలి. 'ర్ఝ' దగ్గర నాలుక తడబడకుండా చదవగలిగినవారు అరుదు. ఆ సంస్కృత సమాసాల రాపిడి మధ్య ఒక మెత్తని తెలుగు మాట రెండుసార్లు వినిపిస్తుంది, 'చూచుచుండ' అని. మొదటిసారి పెద్దలు చూస్తూ ఉండగా ద్రౌపదికి జరిగిన అవమానం, రెండోసారి రాజు చూస్తూ ఉండగా జరగబోయే రక్తపానం. పద్యంలోని అసలు నింద ఆ మెత్తని మాటలోనే ఉందని నాకు అనిపిస్తుంది. చుట్టూ అంత కరకుదనం లేకపోతే అది అలా వినబడదు. ఇక భీముడు వాడిన క్రియ 'ఆస్వాదింతు', అంటే రుచి చూస్తాను అని. కటువు మళ్లీ నాలుకనే చేరింది.

కాబట్టి నేను విభేదించిన సభ్యునికి కొంత న్యాయం చేయాలి. 'కార్తార్థ్యం' దోషమైంది కేవలం కటువైనందుకు కాదు, ఆ శృంగారశ్లోకంలో అపశ్రుతి అయినందుకు. రెండు మాటలూ ఒకటి కావు గాని, కటుత్వం దోషమయ్యే చోట అవి కలుస్తాయి.

చర్చలో 'పరుషాలు' అన్న మాట కూడా వచ్చింది. చిన్నయసూరి బాలవ్యాకరణం కచటతపలను పరుషాలని, గజడదబలను సరళాలని అంటుంది. తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులైనట్టు, పరుషాన్ని మెత్తబరచే సంధికార్యాలు మనకు ఎన్నో ఉన్నాయి. కానీ ఈ పరుషత్వాన్ని ఆలంకారికుల కటుత్వంతో కలపకూడదు. పరుషమైన కకారంతోనే పసిపిల్లల నవ్వు కలకలమంటుంది. సరళమైన గకారంతోనే గొంతు గరగరమంటుంది. 'కరకర' అన్న ఒక్క మాటనే తీసుకోండి. కడుపులో ఆకలికి చెబితే బాధ. డబ్బాలోని జంతికలకు చెబితే, చేసినవారికి అంతకు మించిన మెప్పు లేదు.