సెటిల్‌మెంట్ కార్డు వచ్చింది, క్లెయిమ్ వేయాలా వద్దా?

అమెరికాలో ఉంటున్నవాళ్లు ఎవరైనా చెప్పండి. నేనెప్పుడో తీసేసిన ఒక ఫిట్‌నెస్ యాప్, మా వివరాలు ప్రకటనల కంపెనీలకు ఇచ్చిందని క్లాస్ యాక్షన్ కేసు (నష్టపోయిన అందరి తరఫునా కలిపి వేసేది) పడిందట. అది రాజీతో (సెటిల్‌మెంట్) ముగుస్తోందని, పరిహారానికి క్లెయిమ్ వేసుకోమని నిన్న పోస్టులో కార్డు వచ్చింది. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో క్లెయిమ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయి. చెత్తబుట్టలో వేయబోయి ఆగాను.

ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగు అంకెలు అడుగుతున్నారు. ప్రైవసీ పోయిందని పరిహారం ఇస్తూ మళ్లీ వివరాలు అడగడమేంటో! ఇది అసలుదో మోసమో ఎలా తేల్చుకోవాలి? కోర్టు రికార్డుల్లో కేసు నంబరు వెతికితే సరిపోతుందా?

ఇంకోటి. 2019లో ఈక్విఫాక్స్ (జనం అప్పుల చరిత్ర నమోదు చేసే కంపెనీ) డేటా లీక్ సెటిల్‌మెంట్‌లో 125 డాలర్లన్నారు, క్లెయిములు ఎక్కువై చాలామందికి అందులో కొంతే దక్కింది. అలాగని ఊరుకుంటే డబ్బూ రాదు, విడిగా కేసు వేసే హక్కూ పోతుందని కార్డులోనే ఉంది. మీలో ఎవరైనా ఆప్ట్ అవుట్ చేశారా, అంటే సెటిల్‌మెంట్ వద్దని తప్పుకున్నారా?