పాత కారుకి రీపెయింట్ చేయించాలా, అలాగే ఉంచాలా?

ఫ్రెండ్స్, 1967 ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఒకటి చూశా, పెయింట్ ఫ్యాక్టరీదే కానీ బానెట్ మీద వెలిసిపోయి ప్రైమర్ కనిపిస్తోంది, డోర్ల కింద సిల్స్ దగ్గర బుడగలు కూడా ఉన్నాయి. కొన్నాక మొత్తం గీకించి కొత్త పెయింట్ కొట్టించమంటారా?

పాతబండి: వద్దు బాబోయ్! ఒరిజినల్ పెయింట్ ఒకసారి పోతే మళ్లీ రాదు. 2024లో అమెరికాలోని పెబుల్ బీచ్ క్లాసిక్ కార్ల పోటీలో బెస్ట్ ఆఫ్ షో (టాప్ ప్రైజ్) కొట్టింది రీస్టోర్ చేయని 1934 బుగాటీ టైప్ 59, ఇలా ఉన్నది ఉన్నట్టు కాపాడిన (ప్రిజర్వేషన్) కారుకి అది రావడం అదే ఫస్ట్ టైమ్.

స్పానర్: బుగాటీ సంగతి తర్వాత, ముందు ఆ బుడగలు చూడండి. ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీ బలమంతా సిల్స్‌లోనే, అవి తుప్పుపడితే కారు మధ్యలో కుంగి డోర్లు సరిగ్గా పడవు. గుడ్డలో చుట్టిన అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే అక్కడ లోపల పుట్టీయే. కార్పెట్ కూడా ఎత్తి చూడండి.

పాతబండి: అది కరెక్టే, సిల్స్ కోసి వెల్డింగ్ చేయించి ఆ ముక్క వరకే రంగు కలిపించండి. బానెట్ జోలికి మాత్రం వెళ్లకండి ప్లీజ్.

స్పానర్: వెల్డింగ్‌కి ముందు డోర్ ఫ్రేమ్‌కి అడ్డంగా బ్రేస్ (బాడీ వంగకుండా పట్టి ఉంచే రాడ్) పెట్టించడం మర్చిపోవద్దు.