రెండో కాంట్రాక్టుకూ ఉండిపొమ్మంటున్నారు, దంపతులు ఎడబాయకూడదన్న 1 కొరింథీ 7:5 మాకు వర్తించదా?

కోనసీమ_చెల్లి:
అందరికీ వందనాలు. ఖద్దామా (ఇంటిపని) వీసా మీద కువైట్‌లో ఉన్నాను, మా ఆయన, పిల్లలు ఊళ్ళో అత్తయ్య దగ్గర ఉంటారు. రెండేళ్ళ కాంట్రాక్టు అయిపోవచ్చింది. ఇంటికి స్లాబు పడింది గానీ ప్లాస్టరింగు, గచ్చు మిగిలాయి, ఇంకో రెండేళ్ళు ఉండిపో అంటున్నారు. నాకేమో వెళ్ళిపోవాలని ఉంది. ఈమధ్య ఆయన ఎవరో ఒకావిడతో రాత్రుళ్ళు చాటింగ్ చేస్తున్నారని మా ఆడపడుచే చెప్పింది. అడిగితే దాచలేదు, "మెసేజీలేగా, ఆవిడ ఇంటికేమన్నా వెళ్ళానా" అన్నారు. నేను బయల్దేరేముందు ప్రార్థన పెట్టి, పవిత్రంగా ఉండమ్మా, సాక్ష్యం పాడుచేసుకోకు అని సంఘపెద్దలు నాకే చెప్పారు, పక్కనే కూర్చున్న ఆయనకు ఒక్క మాట చెప్పలేదు. మెసేజీలు తప్పు కిందకు రావా? ఆయన ఉండమంటే నేను కాదనడం లోబడకపోవడం అవుతుందా?

ప్రార్థనా_యోధుడు:
ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. చాడీలు విని సంసారం పాడుచేసుకోకండి. ఉపవాసముండి ప్రార్థించండి. ఎఫెసీ 5:22 చదవండి, భార్యలు భర్తలకు లోబడమని ఉంది. ఇల్లు కట్టేది కూడా కుటుంబం కోసమేగా.

వాక్య_విద్యార్థి:
బ్రదర్, ఆయనే ఒప్పుకున్నాడని ఆవిడ రాసింది, చాడీ ఎలా అవుతుంది? 5:22 దగ్గర పుస్తకం మూసేస్తే ఎలా, 25లో భర్తకు చెప్పింది ఇంకా బరువైన మాట, క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు ప్రేమించమని.

చెల్లెమ్మా, మత్తయి 5:28లో యేసు హద్దు గీసింది మంచం దగ్గర కాదు, చూపు దగ్గర, మనసు దగ్గర. పైగా అక్కడ మాట్లాడింది చూసే మగవాడి గురించి. కాబట్టి "ఇంటికెళ్ళలేదుగా" అనేది సమాధానం కాదు. అలాగని మెసేజీలు చేయగానే వ్యభిచారం కారణంగా విడిచిపెట్టడం గురించి చెప్పే మత్తయి 19:9 ప్రకారం వదిలేయొచ్చు అనీ కాదు, ఈ రెండూ కలిపేసి మన సభల్లో చాలా గందరగోళం చేస్తారు.

ఇక 1 కొరింథీ 7. భార్య శరీరం మీద భర్తకు అధికారం ఉందని చెప్పి పౌలు అక్కడితో ఆగలేదు, భర్త శరీరం మీద భార్యకూ అంతే అధికారం అన్నాడు. ఆ కాలంలో ఇది మామూలు మాట కాదు. ఎడబాటుకు ఆయన పెట్టిన షరతులు కొంతకాలం, ఇద్దరి సమ్మతి, ప్రార్థన కోసం. గచ్చు కోసమని నాకెక్కడా కనపడలేదు. మొదటి రెండేళ్ళకు మీరు ఒప్పుకున్నారు, దాన్నే మళ్ళీ రెండేళ్ళకు లాగడానికి లేదు. సమ్మతి లేదని చెప్పడం అవిధేయత కాదు.

సాల్మియా_అక్క:
చెల్లీ, నేనూ ఇక్కడే, ఇళ్ళల్లోనే పని. మనకు పనయ్యి ఫోన్ చేతికొచ్చేసరికి రాత్రి పదకొండు, ఊళ్ళో అప్పటికి ఒకటిన్నర. ఆ టైములో మొగుడు నిద్రలో ఉంటాడు, లేకపోతే ఇంకెవరితోనో లైన్లో ఉంటాడు. ఇటువైపూ అంతే, రీచార్జ్ చేయిస్తా, పార్సిల్ పంపిస్తా అంటూ దగ్గరయ్యే డ్రైవర్లు ఎంతమందో, మంచి ఆడపిల్లలే పడిపోయారు, ఒంటరితనం అలాంటిది. శుక్రవారం ఆరాధనలో ఎవరూ ఇది మాట్లాడరు, కానుకల గురించి మాత్రం బాగా మాట్లాడతారు. ముందు మీ మామాకు, అంటే ఇంటి యజమానురాలికి చెప్పు, లేకపోతే ఆవిడ ఆకామా (నివాస అనుమతి) రెన్యూవల్‌కి పెట్టేస్తుంది, ఆ తర్వాత బయటపడటం కష్టం.

గుంటూరు_వకీలు:
ఎవరో ఒకరు కేసు పెట్టమంటారు కాబట్టి చెప్తున్నా. 497 సెక్షన్‌ను 2018లో సుప్రీంకోర్టు కొట్టేసింది, వ్యభిచారం ఇప్పుడు నేరం కాదు, విడాకులకు కారణం మాత్రమే. మన క్రైస్తవులకున్న 1869 చట్టంలో భర్తకైతే భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే సరిపోయేది, భార్య మాత్రం దానితోపాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. 2001 సవరణతో ఆ తేడా పోయింది. సంఘాల్లో ఆ సవరణ ఇంకా రాలేదనుకుంటా.

కోనసీమ_చెల్లి:
కేసులూ విడాకులూ నాకొద్దండి, మనిషి చెడ్డోడు కాదు. రేపు పొద్దున్నే మామాకు చెప్పేస్తాను. చాటింగ్ సంగతి పాస్టర్‌గారికి చెప్పాలా, మా ఇద్దరి మధ్యే ఉంచాలా?

వాక్య_విద్యార్థి:
మత్తయి 18:15, ముందు ఇద్దరే ఉన్నప్పుడు, ఎదురెదురుగా. ఫోన్లో వద్దు, ఇంటికెళ్ళాకే మాట్లాడండి. వినకపోతే అప్పుడు ఒకరిద్దర్ని తీసుకెళ్ళమన్నాడు, ఆడపడుచే ముందుకొచ్చి చెప్పింది కాబట్టి ఆవిడ్నే పిలవండి.