'యుగాంతం' అంటే లోకం అంతమేనా?

తిరుపతి నుంచి:
అందరికీ నమస్కారం. తేదీ చెప్పి మరీ భయపెట్టినా జరగని లోకవినాశనాల మీద మా కాలేజీ గోడపత్రికకు వ్యాసం రాస్తున్నాను. శీర్షిక 'తప్పిపోయిన యుగాంతాలు' అని పెడితే మా తెలుగు మేడమ్ 'యుగాంతం' చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టారు. ఆ మాటలో తప్పేముందండీ?

చిత్తూరు నుంచి:
మేడమ్ సరిగ్గానే చుట్టారమ్మా. వారాంతం, మాసాంతం అంటాం కదా. ఆదివారం పోతే సోమవారం వస్తుందే గానీ వారాలే ఆగిపోవు. యుగాంతమూ అంతే, కలి పోతే మళ్లీ కృతయుగం. అదైనా రేపో మాపో కాదు. కలికి 4,32,000 ఏళ్లు, గడిచినవి 5,100 పైచిలుకు. ఏ పూజలోనైనా సంకల్పం వినే ఉంటావు: 'శ్వేతవరాహకల్పే, వైవస్వతమన్వంతరే, కలియుగే, ప్రథమపాదే'. ఆ మొదటి పాదమే 1,08,000 ఏళ్లు. మీ కొండ మీద ముందుగా దర్శించుకునే వరాహస్వామి పేరు మీదే ఈ కల్పం నడుస్తోంది. కాలంలో మనం ఎక్కడున్నామో రోజూ చెప్పుకునేవాళ్లం 2012లో అంతగా బెదిరిపోయామే అని నాకిప్పటికీ బాధ.

2012 డిసెంబర్ 21న, మధ్య అమెరికాలోని ప్రాచీన మాయా ప్రజల కాలగణనలో పదమూడు బక్తూన్లు నిండాయి. బక్తూన్ అంటే 1,44,000 రోజులు. మర్నాటి నుంచి తర్వాతి లెక్క. వాళ్ల పాత నగరం పాలెంకేలోని శాసనంలో క్రీ.శ. 4772 నాటి తేదీ కూడా ఉంది. అంటే వాళ్లకది అచ్చంగా మన అర్థంలో యుగాంతమే! టీవీలు సరైన మాటే పట్టుకొని, దానికి లోకనాశనమనే అర్థం తగిలించాయి.

శ్రీకాళహస్తి నుంచి:
ఒక్క మాట సార్. తెలుగు బైబిల్లో మత్తయి 24లో 'యుగసమాప్తి' అని ఉంటుంది. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబర్ 22న, హెరాల్డ్ క్యాంపింగ్‌ను నమ్మినవాళ్లు 2011 మే 21న ఎదురుచూసింది దానికోసమే. అక్కడ మళ్లీ కృతయుగం లేదు. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియవని అదే అధ్యాయం 36వ వచనంలో ఉన్నా తేదీలు పెట్టారు, అది వేరే సంగతి.

చిత్తూరు నుంచి:
నిజమే అన్నా, అది నాకు తట్టలేదు. వాళ్ల గురించి రాసేచోట 'యుగసమాప్తి' అనే ఉండాలి.

'ప్రళయం' కూడా ఆలోచించాను. 'లీ' ధాతువు నుంచి వచ్చింది, సంస్కృతంలో 'ప్రలయ'. ఆలయం, నిలయం, విలీనం కూడా దాని సంతానమే. వచ్చిన చోటికే కరిగి కలిసిపోవడం అని అర్థం, ఎంత చల్లని మాట! మన నోట్లో మాత్రం అది వరదకే మిగిలింది. 2021 నవంబర్‌లో స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు మా ఇంట్లో అందరూ ప్రళయమనే అన్నారు.

మా అవ్వ నోట ఈ మాటలేవీ రాలేదు. 1962 ఫిబ్రవరిలో మకరరాశిలో అష్టగ్రహ కూటమి, ఎక్కడ చూసినా హోమాలు. 1979 జూలైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని గోల, చివరికి దాని ముక్కలు పడింది పశ్చిమ ఆస్ట్రేలియాలో. రెండింటికీ ఆమె మాట ఒకటే: "లోకం మునిగిపోతాదనిరి నాయనా. మునగలే. ఉండే కోళ్లన్నీ కోసుకొని తింటిమి, తెల్లారి లేపేదానికి పుంజు లేకపాయ."

తిరుపతి నుంచి:
శీర్షిక మార్చేశాను సార్: 'మునగని లోకం'. అవ్వ మాటతోనే వ్యాసం మొదలుపెట్టుకోవచ్చా?

చిత్తూరు నుంచి:
పెట్టుకో తల్లీ. 'మునగలే' అనే రాయి. 'మునగలేదు' అని దిద్దొద్దు.